చూసిందే మళ్ళీ ఎందుకు చూస్తాం?

"చూసిందే చూస్తారు గాని, చదివిందే మళ్ళీ చదవరేమిరా!"

మన హాస్టల్లో ఉన్న ఏ బ్యాచ్ వాళ్ళకైనా ఈ మాట గుర్తుండే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం కోడికూర భోజనం ముగించి, ప్లేట్లు కడిగి బోర్లించి, హాల్లో టీవీ ముందు చాపలు పరుచుకుంటుంటే వార్డెన్ సార్ గుమ్మంలో నిలబడి ఈ మాట అనేవారు. అని ఊరుకునేవారా అంటే లేదు. ఐదు నిమిషాలు తిరక్కముందే కుర్చీ తెప్పించుకుని తాను కూడా కూర్చునేవారు. ఆ సినిమాను ఆయన మాకంటే ఎక్కువసార్లే చూసి ఉంటారని మా నమ్మకం.

సార్ అడిగిన ప్రశ్నకు అప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు పి.జి. చదువుతున్నాం. మా ఇళ్ళలో డిగ్రీ దాటిన మొదటి వాళ్ళం మేమే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అన్నలు అడిగినప్పుడు, బాకీ పడిన ఆ జవాబే రాద్దామనిపించింది. కథ తెలిసిపోయిన సినిమాను మనిషి మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తాడు?

ముందుగా మా సంగతి. మేము 2012 నుండి 2018 వరకు, ఐదో తరగతి నుండి పదో తరగతి దాకా మన హాస్టల్లో ఉన్నాం. పూర్వ విద్యార్థులు చందాలు వేసి ఇచ్చిన కలర్ టీవీ ఉండేది. కేబుల్ కనెక్షన్ కొన్నాళ్ళు ఉండి పోయింది. మిగిలింది ఒక డి.వి.డి. ప్లేయర్, మూడు డిస్కులు. ఒకటి రంగుల 'మాయాబజార్'. రెండోది 'అతడు'. మూడోదాని కవరు మీద ఒక ఫైటింగు సినిమా బొమ్మ ఉండేది, లోపల మాత్రం భక్తి పాటలు ఉండేవి. అంటే ఆరేళ్ళకు రెండే సినిమాలు. వేరే దిక్కులేక చూశాం అనుకోవచ్చు. నిజమే, మొదట అలాగే చూశాం. కాని వేరే దిక్కు వచ్చాక కూడా, చేతిలోకి ఫోను వచ్చి లోకంలోని సినిమాలన్నీ అందులో దొరుకుతున్నప్పుడు కూడా, యూనివర్సిటీ హాస్టల్ గదిలో రాత్రి పూట మేము పెట్టుకునేది ఆ రెండే. ఆలోచించవలసింది అక్కడే.

'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. విజయా వారి చిత్రం, నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు కె.వి.రెడ్డి. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు. కృష్ణుడిగా ఎన్.టి.రామారావు, అభిమన్యుడిగా అక్కినేని నాగేశ్వరరావు, శశిరేఖగా సావిత్రి, ఘటోత్కచుడిగా ఎస్.వి.రంగారావు. నలుపు తెలుపులో తీసిన ఆ చిత్రానికి గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది 2010 జనవరి 30న మళ్ళీ థియేటర్లకు తెచ్చింది. మా డిస్కులో ఉన్నది ఆ రంగుల ప్రతి. మా తాతలు యువకులుగా ఉన్నప్పటి సినిమాను మేము మా కాలపు సినిమాలాగే చూశాం.

ఇందులో ఒక విచిత్రం గమనించండి. ఈ సినిమాలో ప్రేక్షకుడికి తెలియని రహస్యం ఒక్కటీ లేదు. బలరాముడు కూతురు శశిరేఖను దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇస్తానంటాడు. ఆమె మనసు అభిమన్యుడి మీద ఉంది. ఘటోత్కచుడు ఆమెను మంచంతో సహా ఎత్తుకుపోయి, తాను శశిరేఖ వేషంలో ఆమె స్థానంలో కూర్చుంటాడు. ఇదంతా మన కళ్ళ ముందే జరుగుతుంది. పెళ్ళికూతురు నిజమైనది కాదని కృష్ణుడికి తెలుసు, మనకు తెలుసు. తెలియనిది కౌరవులకు, బలరాముడికి. మిగతా సినిమా అంతా తెలియని వాళ్ళను తెలిసిన వాళ్ళం చూసి నవ్వుకోవడమే. కాబట్టి మొదటిసారి చూసేవాడు కూడా దీన్ని దాదాపు రెండోసారి చూసినట్టే చూస్తాడు. ఆశ్చర్యం మీద నిలబడిన సినిమా ఒకసారికే ఖర్చయిపోతుంది. 'నాకు తెలుసు, వాడికి తెలియదు' అన్న ఆనందం మీద నిలబడిన సినిమాకు ఆ ఖర్చు లేదు. పైగా తరగతిలోనూ ఊళ్ళోనూ ఎప్పుడూ తెలియని వాళ్ళ వరుసలోనే నిలబడిన పిల్లలకు, తెలిసిన వాళ్ళ వైపు కూర్చోవడం ఎంత బాగుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇది సినిమా కనిపెట్టింది కాదు. మాలో ఒకరి తాత చిందు భాగవతం అంటే చెవి కోసుకునేవాడు. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ గారి వల్ల ఆ కళ పేరు నేడు చాలా మందికి తెలుసు గాని, ఆ తాతకు తెలిసింది ఊరికి వచ్చే మేళం మాత్రమే. జాంబపురాణం, సారంగధర లాంటివి తెల్లవార్లూ ఆడేవారట. ఏటా అవే ఆటలు. "కథ ఎరికైనంక మళ్ళ ఎందుకు పోతవు తాతా?" అని అడిగితే ఆయన చెప్పిన మాట: "కథ ఎరికె లేక పోతమారా బిడ్డా? ఈయేడు వాడెట్ల ఏసం కడ్తడో, ఎట్ల ఆడ్తడో సూడనీకె పోతం."

ఆ తాతకు సంతకం కూడా రాదు. కాని మేము ఈ విషయం మీద తర్వాత చదివిన వాటిలో ఇంతకంటే సూటిగా చెప్పినది కనబడలేదు. మాయాబజార్ కథ కూడా అలా ఆడి ఆడి నలిగినదే. శశిరేఖ అనే పాత్ర వ్యాసభారతంలో లేదు. అది మన జనం కల్పించుకున్న కథ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాల వాళ్ళు మాయాబజార్‌ను తరతరాలుగా ఆడుతున్నారు. తెలుగులో సినిమాగా 1936లోనే ఒకసారి వచ్చింది. అంటే 1957లో టికెట్టు కొన్న మనిషికి కథ ముందే తెలుసు. అతడు వెళ్ళింది రంగారావు వేషం ఎట్లా కడతాడో చూడడానికే.

పడమటి దేశాల వాళ్ళు దీన్ని ప్రయోగాలు చేసి చూశారు. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అర్థం తెలియని పదాలనూ గుర్తులనూ కొందరికి మళ్ళీ మళ్ళీ చూపించి, ఎక్కువసార్లు చూసినవే వాళ్ళకు ఎక్కువ నచ్చుతున్నాయని తేల్చాడు. పరిచయమే ఒక ఇష్టం అన్నమాట. 2011లో కాలిఫోర్నియాలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు కొన్ని కథల ముగింపును ముందే చెప్పేసి చదివిస్తే, చెప్పకుండా చదివిన వాళ్ళకంటే చెప్పించుకున్న వాళ్ళకే కథలు బాగా నచ్చాయి. తర్వాత మరికొందరు చేసిన ప్రయోగాల్లో దీనికి వ్యతిరేకంగానూ వచ్చింది. కాబట్టి ఇది తేలిపోయిన విషయమని మేము అనడం లేదు. కాని ముగింపు తెలిస్తే కథ చచ్చిపోతుందన్న మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. ముగింపు ఏమిటన్న ఆదుర్దా పోతే, మనసు ఖాళీగా మిగతావన్నీ చూస్తుంది.

ఆ 'మిగతావి' ఏమిటో మాకు మన హాలు నేర్పింది. మీకు గుర్తుంది కదా, సినిమా చూసేటప్పుడు కూర్చునే పద్ధతి. చిన్న తరగతుల వాళ్ళు ముందు చాప మీద. వాళ్ళ వెనక ఆరు, ఏడు. తర్వాత ఎనిమిది. తొమ్మిది వాళ్ళు గోడకు ఆనుకుని. పదో తరగతి అన్నలు అందరికంటే వెనక ట్రంకు పెట్టెల మీద. ఏడాదికొక వరుస వెనక్కి జరుగుతాం. అంటే ఒకే సినిమాను ఏడాదికొక చోటు నుండి చూస్తాం.

ముందు చాప మీద ఉన్నప్పుడు సినిమా అంటే లడ్డూలు. ఘటోత్కచుడు విందు ముందు కూర్చుంటే లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరి వెళ్తాయి. మాధవపెద్ది సత్యం గొంతు, రంగారావు పొట్ట. ఆ పాట మొదలవగానే అప్పుడే కోడికూర తిన్న వాళ్ళకు కూడా మళ్ళీ ఆకలి వేసేది. ఆరో తరగతికి వచ్చాక అది ఎట్లా తీశారన్న గొడవ మొదలైంది. రిమోట్‌లో పాజ్ బటన్ నొక్కి నొక్కి చూసేవాళ్ళం. దారం కట్టారని ఒక పార్టీ, కెమెరా ఆపి ఆపి తీశారని ఇంకో పార్టీ. ఆ తగువు తీరకముందే రిమోట్ చెడిపోయింది. కాని కంప్యూటర్లు లేని రోజుల్లో, కెమెరాతోనూ చేతిపనితోనూ ఇవన్నీ చేశారని తెలిశాక కళ్ళు తిరిగాయి. ఆ పడవ పాటలోని వెన్నెల కూడా నిజం వెన్నెల కాదు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ సృష్టించినది. ఆ రోజుల ఫిల్ముకు నిజం వెన్నెల ఆనదు. మాకు సైన్సులో వెలుతురు పాఠం పట్ల ఆసక్తి కలిగింది ఆ పాట వల్లనే అంటే సార్లు నమ్మలేదు.

ఏడు, ఎనిమిదిలో ప్రియదర్శిని పెట్టె. మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు తెరిస్తే శకుని! చాలాసార్లు చూశాక గాని ఆ శకుని ఎందుకో మాకు అర్థం కాలేదు. అంతకుముందు అది తప్పుగా వచ్చిన సీను అనుకునేవాళ్ళం. నువ్వు తెరిస్తే ఏం కనిపిస్తుందిరా అని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళం. కొత్తగా చేరిన చిన్నవాళ్ళను మాత్రం అడిగేవాళ్ళం కాదు. వాళ్ళకు ఏం కనిపిస్తుందో అందరికీ తెలుసు. అడిగితే ఏడుస్తారు.

తొమ్మిదికి వచ్చి గోడకు ఆనుకున్నాక మేము చూసింది సుభద్రను. జూదంలో పాండవుల రాజ్యం పోయాక సుభద్ర కొడుకును వెంటబెట్టుకుని పుట్టింటికి వస్తుంది. నిన్నటి దాకా పిల్లనిస్తామన్న వాళ్ళే మొహం తిప్పుకుంటారు. రేవతిగా ఛాయాదేవి, సుభద్రగా ఋష్యేంద్రమణి. అంతకుముందు ఆ సీను రాగానే నీళ్ళు తాగడానికి లేచేవాళ్ళం. ఆ ఏడాది మాలో ఒకరి అక్కకు సంబంధం కుదిరి, ఇవ్వాల్సిన డబ్బు సర్దలేక తప్పిపోయింది. ఆ ఆదివారం ఎవరూ లేవలేదు. సినిమాలో ఒక్క ఫ్రేము కూడా మారలేదు.

పదిలో ట్రంకు పెట్టెల మీద కూర్చుని చూసింది సావిత్రిని. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా నటించింది సావిత్రే కదా. అంటే ఆమె రంగారావును నటించాలి. నడకలో ఆయన భుజాలు, చూపులో ఆయన గర్వం, మరుక్షణం పెళ్ళికూతురి సిగ్గు. పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు పలికితే, రెంటికీ ఆ ఒక్క ముఖమే ఒప్పుతుంది. అప్పటికి ఆమె వయసు ఇప్పటి మా వయసుకు కొంచెం అటూ ఇటూ. వెనక వరుసలోని అన్నలు ఎందుకు మాట్లాడకుండా చూస్తారో మాకు అప్పుడు తెలిసింది. ఇంకొకటి కూడా గమనించాం. కష్టమంతా అడవిలో పుట్టిన ఘటోత్కచుడిది, పెళ్ళి మాత్రం అభిమన్యుడిది! ఈ మాట మాలో ఒకడు పైకే అనేశాడు. వార్డెన్ సార్ వెనక్కి తిరిగి చూసి, నవ్వి, మళ్ళీ సినిమా చూశారు.

ఇక మాటల సంగతి. మాకు ఈ సినిమా మీద ఉన్న ప్రేమలో సగం దీనికే చెందుతుంది కాబట్టి కొంచెం ఎక్కువగానే రాస్తాం, ఓపిక పట్టండి.

ఘటోత్కచుడి ఆశ్రమంలో చిన్నమయ్య గురువు. ఆ వేషం రమణారెడ్డిది. శిష్యులు సరిగా పలకలేరు. 'అస్మదీయులు' అంటే మనవాళ్ళు. దాన్ని శిష్యుడు 'అసమదీయులు' అంటాడు. మనవాళ్ళు కానివాళ్ళకు 'తసమదీయులు' అని తానే ఒక మాట చేసేస్తాడు. వ్యాకరణంలో అలాంటి మాట లేదు. గురువు అభ్యంతరం చెబుతాడు. ఘటోత్కచుడు మాత్రం శిష్యుణ్ణి మెచ్చుకుని వీరతాడు వేయమంటాడు. అలాగే కంబళికి గింబళి, తల్పానికి గిల్పం. మనం పని గిని, అన్నం గిన్నం అంటాం కదా, ఆ వెనక వచ్చే 'గి' మాటకు విడిగా అర్థం ఉండదు. పింగళి వారు దానికి కూడా ప్రాణం పోసి ఒక వస్తువును చేశారు. గింబళి మీద కాలు పెట్టిన వాడి గతి ఏమైందో మీకు తెలుసు.

మన హాస్టల్లో ఇది ఆట అయింది. కొత్త మాట పుట్టించిన వాడి మెడలో బట్టలు ఆరేసే తాడు వేయడం. నీళ్ళపప్పును, ముఖం కనిపిస్తుంది కాబట్టి 'అద్దంపప్పు' అన్నవాడికి ఒక వీరతాడు. స్టడీ అవర్లో కళ్ళు తెరిచి నిద్రపోవడాన్ని 'కునుచదువు' అన్నవాడికి రెండు. ఈ మాటలు మా తర్వాతి బ్యాచ్‌ల వాళ్ళు కూడా వాడారని విని సంతోషించాం.

పై చదువుకు పోయాక మాలో ఒకడు ఒక కాలేజీలో, నిండు తరగతిలో లేచి, "సార్, గది నాకు సమజ్ కాలే" అన్నాడు. పాఠం చెప్పేవారు, ఇదేం భాష, ఎక్కడి నుండి వచ్చావు అన్నారు. తరగతి నవ్వింది. వాడు ఆ ఏడాది మళ్ళీ నోరు విప్పి ఒక్క సందేహం అడగలేదు. ఆ రాత్రి గదిలో ఎవరమూ ఓదార్పు మాటలు చెప్పలేదు. ఒకడు మంచం కింద నుండి నవారు ముక్క తీసి వాడి మెడలో వేశాడు. అంతే. వాడు మొదట కోపగించుకుని, తర్వాత నవ్వి, తర్వాత కాసేపు అటు తిరిగి పడుకున్నాడు.

ఆ వాడే ఇప్పుడు మాతో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాడు. భాషాశాస్త్రం క్లాసులో 'స్వరభక్తి' అని ఒక పాఠం వచ్చింది. రెండు హల్లులు కలిసి పలకడం కష్టమైనప్పుడు మధ్యలో ఒక అచ్చు వచ్చి చేరుతుంది. ధర్మం దరమం అవుతుంది, జన్మ జనమ అవుతుంది. మా నాయనమ్మలు అలాగే పలుకుతారు. 'అస్మ' 'అసమ' కావడం కూడా అచ్చంగా అదే. ఏ పలుకును చూసి మమ్మల్ని నవ్వారో, దానికి శాస్త్రంలో ఒక పేరుందని, అది నియమం ప్రకారమే జరుగుతుందని ఆ రోజు తెలిసింది. పింగళి వారు రాక్షసుల నోట వేసింది నోటికి వచ్చిన తప్పు కాదు, జనం నిజంగా పలికే తీరు. ఎన్నోసార్లు చూసి నవ్విన సీను, ఆ పాఠం తర్వాత మళ్ళీ చూస్తే కొత్తగా ఉంది. మళ్ళీ చూడడం అంటే ఇదేనని మేము అనుకుంటున్నాం. మధ్యలో మనం వేరే ఏదో చదువుకునో, పడో లేచో వస్తాం. సినిమా అక్కడే ఉంటుంది. తేడా ఎంతో దాని పక్కన నిలబడితే తెలుస్తుంది, తలుపు పక్క గోడ మీద గీతలు గీసి ఎత్తు కొలుచుకున్నట్టు.

'అతడు' సంగతి వేరు. 2005లో త్రివిక్రమ్ శ్రీనివాస్ తీసిన ఈ సినిమాలో రహస్యం ఉంది. హత్య ఎవరు చేశారన్నది చివరిదాకా తెలియదు. ఒకసారి తెలిశాక ఆ ముడి విప్పేసినట్టే. మరి మళ్ళీ ఎందుకు చూస్తారు? మాకు తోచింది ఇది. కిరాయి హంతకుడైన నందు పారిపోతూ, చనిపోయిన పార్థు పేరుతో బాసర్లపూడిలోని ఇంట్లోకి వస్తాడు. చిన్నప్పుడు ఇల్లు వదిలిపోయిన పిల్లవాడు తిరిగి వచ్చాడని ఆ ఇల్లు నమ్ముతుంది. తాత, అత్తలు, మరదలు, వంటిల్లు, వసారా. అసలు ఇల్లే ఎరగని వాడికి ఇల్లు దొరుకుతుంది. ఫైట్ల కోసం చూస్తున్నామని అనుకునేవాళ్ళం గాని, హాలంతా నిశ్శబ్దమయ్యేది ఆ ఇంట్లో వాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోట. దసరా సెలవులకు ఇంకా ఎన్నాళ్ళుందో లెక్కపెట్టుకునే పిల్లలకు ఆ ఇల్లు ఏమిటో చెప్పనక్కరలేదు. ఇలాంటి సినిమాను మనం చూడం, అందులోకి పోయి కాసేపు ఉండి వస్తాం. తెలిసిన ఇంటికి పోయినట్టు.

వ్యాపారం వైపు నుండి కూడా ఒక మాట. టీవీ, వీడియో లేని కాలంలో మళ్ళీ చూడాలంటే మళ్ళీ టికెట్టు కొనాలి. వంద రోజులు, సిల్వర్ జూబ్లీ అని గోడల మీద పడిన పోస్టర్లన్నీ అలా మళ్ళీ వచ్చిన వాళ్ళ పుణ్యమే. తర్వాత ఒకేసారి వందల థియేటర్లలో విడుదల చేసే పద్ధతి వచ్చి ఆ వంద రోజులు పోయాయి. మళ్ళీ చూసే పని టీవీకి మారింది. 2010లో వచ్చిన 'ఖలేజా' థియేటర్లో ఆశించినంత ఆడలేదు, టీవీలో చూసీ చూసీ జనం దాన్ని తమ సినిమా చేసుకున్నారు. 2022 ఆగస్టులో 'పోకిరి'ని మళ్ళీ థియేటర్లలో వేసినప్పటి నుండి పాత సినిమాల రీ రిలీజులు పండగలాగా జరుగుతున్నాయి. 2025లో 'ఖలేజా', 'అతడు' కూడా అలాగే వచ్చాయి. అక్కడికి వెళ్ళి కాగితాలు చింపి ఎగరేసిన వాళ్ళలో మేమూ ఉన్నాం. డైలాగు తెర మీదికంటే ముందు హాల్లోనే వినిపిస్తుంది. సార్ చూసి ఉంటే ఏమనేవారో! మళ్ళీ మళ్ళీ చూసేవన్నీ మంచివేనని మాత్రం మేము చెప్పం. మనలాంటి వాళ్ళ రంగును, ఆకలిని, మాటను వెక్కిరించి నవ్వించే కామెడీ ట్రాకులు కూడా వందసార్లు చూసి నవ్వాం. ఇప్పుడు కొన్నింటికి నవ్వు రావడం లేదు. అది కూడా మళ్ళీ చూడడం వల్ల తెలిసిందే.

పోయిన చలికాలం తిక్కన ద్రోణపర్వం మాకు పాఠంగా వచ్చింది. పద్మవ్యూహంలో అభిమన్యుడు యుద్ధం పదమూడో రోజున చనిపోతాడు. మరునాటి రాత్రి ఘటోత్కచుడు. అర్జునుడి కోసం దాచుకున్న శక్తిని కర్ణుడు గత్యంతరం లేక ఘటోత్కచుడి మీద వేస్తాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు, అర్జునుడికి గండం తప్పిందని. ఈ సంగతులు ముక్కలు ముక్కలుగా ముందే తెలుసు గాని, వరుసగా చదవడం అదే మొదటిసారి. ఆ వారమే గదిలో ఎవరో 'మాయాబజార్' పెట్టారు. విందు పాట వచ్చింది. పెద్ద శరీరం, చిన్నపిల్లవాడి ఆకలి, ఎగిరి నోట్లో పడే లడ్డూలు. పక్కనే చిరునవ్వుతో అన్నీ నడిపించే కృష్ణుడు. మాలో ఎవరూ నవ్వలేదు. ఒకడు ఫోను తీసుకుని పాట అయ్యేదాకా ఆపేద్దామా అన్నాడు. ఇంకొకడు, "వద్దురా, తిననీ" అన్నాడు.

ఆ రాత్రే ఇంకొక సంగతి జరిగింది. మన డిస్కు మీద ఒక గీత ఉండేది, గుర్తుందా? పెళ్ళి సీను దగ్గరకు రాగానే బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగి ఆగిపోయేది. కామాటి అన్న డిస్కు తీసి బనియనుతో తుడిచి పెట్టేవాడు. అయినా అది ఎగిరి ఎక్కడో శకుని సత్యపీఠం ఎక్కే దగ్గర తేలేది. మధ్యలోది మేము ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. పెద్ద తరగతి అన్నలు చేసి చూపించేవారు. మా కంటే రెండేళ్ళు పెద్దయిన ఒక అన్న అయితే, దుప్పటి నెత్తి మీద కప్పుకుని సిగ్గుపడుతూ వచ్చి, లక్ష్మణకుమారుడుగా కూర్చున్న వాడి కాలు తొక్కేవాడు. రేలంగిలాగా అరవడానికి పిల్లలు వంతులు వేసుకునేవారు. ఏటా ఆ తొక్కుడు కొంచెం కొంచెం పెరుగుతూ పోయింది. ఒక ఏడాది నిజంగానే ఒకడి బొటనవేలి గోరు ఊడింది.

ఫోనులో మొదటిసారి ఆ సీను గీత లేకుండా వచ్చింది. సావిత్రి కాలు ఎత్తింది, తొక్కింది, రేలంగి అరిచాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బాగుంది. సావిత్రి కదా, బాగుండక ఏం చేస్తుంది! కాని నిజం చెప్పాలంటే మా అన్న చేసినంత లేదు.

ఆ అన్న ఇప్పుడు ఆర్టీసీలో కండక్టరు. వార్షికోత్సవానికి సెలవు పెట్టి వస్తున్నాడట. దుప్పటి మేము తెస్తాం. లక్ష్మణకుమారుడుగా కూర్చునే వాళ్ళు మాత్రం బూట్లు వేసుకుని రావాలని మనవి.